పాత కారవాన్‌లో పేరు తెలియని కరెంటు సామానును గుర్తించడం ఎలా?

చెన్నైలోనో హైదరాబాదులోనో సినిమా షూటింగులకు తిరిగి పాతబడిన కారవాన్లు అప్పుడప్పుడు అమ్మకానికి వస్తుంటాయి. అలాంటి బండిని కొని తెచ్చి, నెల్లూరు ఆటోనగర్‌లోనో ఒంగోలు దగ్గర హైవే పక్కన ఏదో షెడ్డులోనో పెట్టి, కుటుంబంతో తిరగడానికి వీలుగా బాగుచేయించుకునేవారికి రేకు పని, ప్లైవుడ్ పని, రంగు పని పెద్దగా ఇబ్బంది పెట్టవు. ఆ పనులు చేసేవాళ్లు దొరుకుతారు, చేసిన పని కంటికి కనిపిస్తుంది. డ్రైవరు సీటు వెనకున్న పలక విప్పినప్పుడే అసలు ఇబ్బంది మొదలవుతుంది. కట్టలు కట్టలుగా తీగలు, లేబులు చెరిగిపోయిన పెట్టెలు, ఎందుకు బిగించారో తెలియని స్విచ్చులు, ఒక చివర గాలిలో వేలాడే ఎర్ర వైర్లు బయటపడతాయి. బండి ఎన్ని చేతులు మారితే అన్ని తరాల వైరింగు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటుంది.

అది చూసిన మేస్త్రీ సాధారణంగా చెప్పే మాట, “మొత్తం పీకేద్దామన్నా, కొత్త వైరింగు లాగేస్తే సరిపోద్ది” అని. ఆ మాటకు వెంటనే తలూపకండి. మొత్తం పీకేస్తే ఏ వైరు దేనికి పోయిందో చెప్పే ఆధారం కూడా పోతుంది. వస్తువు రూపాన్ని చూసి దానికి పేరు పెట్టకూడదు, దానిలోకి వచ్చే తీగలను చూసి పెట్టాలి. రెండు చివరలూ ఎక్కడున్నాయో తెలియని తీగను కత్తిరించకూడదు. ఈ రెండు నియమాలు పాటిస్తే, ఎలక్ట్రానిక్సు చదువుకోని మనిషి కూడా ఆ పెట్టెల్లో చాలావాటిని గుర్తించగలడు.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. లారీల వైరింగు చేసే ఆటో ఎలక్ట్రీషియను 12, 24 వోల్టుల పనిలో దిట్ట, కానీ 230 వోల్టుల బోర్డు అతని పని కాదు. ఇళ్ల వైరింగు చేసేవారి సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. కారవాన్‌లో రెండు రకాల కరెంటూ పక్కపక్కనే పరుగెడుతుంది కాబట్టి, ఒక పూట ఇద్దరినీ ఒకేసారి పిలిపించి, ప్యానెల్ ముందు నిలబెట్టి మాట్లాడించడం మీరు పెట్టే కూలికి తగిన పని.

మొదట అన్ని వైపుల నుంచీ కరెంటు ఆపండి

ఇంట్లో మెయిన్ దించితే సరిపోతుంది, కారవాన్‌లో సరిపోదు. ఇంజను బ్యాటరీ, లోపలి వాడకానికి పెట్టిన బ్యాటరీ, బయటి నుంచి ప్లగ్గు ద్వారా వచ్చే కరెంటు, జనరేటరు, ఇన్వర్టరు, ఉంటే పైకప్పు మీది సోలారు పలక, ఇలా ఆరు దారుల్లో కరెంటు రావచ్చు. వీటిలో ఎక్కువ ప్రమాదకరమైనది ఇన్వర్టరు. మన వైపు కారవాన్లలో తరచుగా ఇంటి ఇన్వర్టరునే బిగిస్తారు. బయటి ప్లగ్గు పీకగానే అది కరెంటు పోయిందనుకుని తనంతట తానే 230 వోల్టులు ఇవ్వడం మొదలుపెడుతుంది, అంటే కరెంటు తీసేశామని మీరు అనుకున్న క్షణంలోనే బోర్డుకు కరెంటు వస్తుంది. అందువల్ల ముందు ఇన్వర్టరు స్విచ్చును ఆపి, తరువాత ప్లగ్గు పీకి, ఆపైన దాని బ్యాటరీ వైరును కూడా విప్పండి.

సోలారు పలక ఉంటే, దాని వైర్లను కంట్రోలరు (పలకకూ బ్యాటరీకీ మధ్య ఉండే పెట్టె) నుంచి ముందు విప్పి, ఆ తరువాతే బ్యాటరీని విప్పాలి. వరుస తారుమారైతే కంట్రోలరు దెబ్బతినే అవకాశం ఉంది. పగటివేళ పలకకు స్విచ్చు అంటూ ఏమీ ఉండదు, 12 వోల్టుల పలక కూడా విప్పిన వైర్ల కొసల వద్ద 20 వోల్టులకు పైగా చూపుతుంది కాబట్టి, దాని మీద మందపాటి టార్పాలిన్ కప్పి, వైరు కొసలకు టేపు చుట్టండి. బ్యాటరీల్లో నెగటివ్ వైరును ముందు విప్పాలి, ఎందుకంటే పాజిటివ్ విప్పేటప్పుడు పానా బాడీకి తగిలినా అప్పుడు మెరుపు రాదు. గ్యాసు సిలిండరు ఉంటే దానిని మూసి, రెగ్యులేటరు తీసి, బండి నుంచి దూరంగా పెట్టించండి.

ఇన్ని చేసిన తరువాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉండవచ్చు. ఏసీ కంప్రెసరు పక్కన ఉండే వెండిరంగు డబ్బా లాంటి కెపాసిటరును ముట్టుకునే ముందు, 20 కిలో ఓములు, 5 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న పట్టుకారుతో పట్టుకుని, రెండు కొసల మధ్య కొన్ని సెకన్లు ఆనించండి. రీవైండింగు షాపుల్లో స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్‌మనిపించే పద్ధతి ఉంది. అది కెపాసిటరుకూ మంచిది కాదు, కంటికీ మంచిది కాదు.

కదిలించే ముందు ఫొటోలు, నంబర్లు

ఒక్క స్క్రూ కూడా విప్పకముందే ప్రతి పెట్టెనూ దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి, వీలైతే వెనక వైపు నుంచి ఒకటి చొప్పున ఫొటోలు తీసుకోండి. తీగలకు రెండు చివరలా ఒకే నంబరు వేయాలి. మాస్కింగ్ టేపు మన ఎండలకు జిగురు వదిలి రాలిపోతుంది, కాబట్టి ప్యానెల్ సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరికే నంబరు ఫెర్రూళ్లను (తీగకు తొడిగే అంకెల గొట్టాలను) కొనడం మేలు. గుర్తించని వస్తువుకు తొందరపడి పేరు రాయకండి. “పెట్టె 7, మూడు వైర్లు, రెండు లావు, ఒకటి సన్నం” అని నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు. ఊహించి రాసిన పేరు తరువాత నిజమనిపించి దారి తప్పిస్తుంది.

రెండు కరెంట్లను విడదీయండి

ఇప్పుడు ప్రతి తీగా 230 వోల్టుల వైపుదా, బ్యాటరీ వైపుదా అన్నది తేల్చాలి. రంగు చూసి తేల్చవచ్చని అందరూ అనుకుంటారు, కానీ రంగును మాత్రమే నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది. మన ఇళ్ల వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్తు. విడిగా వచ్చే సామాన్ల తీగల్లో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, పచ్చ పసుపు చారలది ఎర్తు. జర్మన్ పద్ధతి బండి వైరింగులో అదే గోధుమరంగు బాడీ ఎర్తుకు పోతుంది. బ్రిటిష్ పద్ధతి పాత బండ్లలో అదే గోధుమరంగు బ్యాటరీ పాజిటివ్, నలుపు ఎర్తు. అంటే ఒకే పలక వెనక మూడు గోధుమరంగు తీగలు మూడు వేర్వేరు పనులు చేస్తూ ఉండవచ్చు. ఇక షెడ్డులో వైరు అయిపోయినప్పుడు చేతికందిన రంగుతో పని ముగించే అలవాటు సంగతి మీకు తెలిసిందే.

కాబట్టి తీగను చివరిదాకా వెంబడించండి. ఆర్‌సీసీబీ (షాకు నుంచి కాపాడే స్విచ్చు), ఎంసీబీ (ఎక్కువ లోడు వస్తే పడే స్విచ్చు), త్రీపిన్ సాకెట్లు, జనరేటరు, ఏసీ వైపు పోయేవి 230 వోల్టులవి. ఫ్యూజు పెట్టె, బాడీకి బిగించిన లగ్గు (తీగ కొసకు నొక్కిన రేకు కొక్కెం), డ్యాష్‌బోర్డు వైపు పోయేవి బ్యాటరీవి. టెంపో ట్రావెలరు వంటి చిన్న బండిలో 12 వోల్టులు, పెద్ద బస్సు ఛాసిస్ మీద కట్టిన కారవాన్‌లో రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు ఉంటాయి. 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలను కలిపే పట్టీ నుంచి ఒక సన్నని వైరు బయలుదేరి ఉంటే, అది టేపు రికార్డరు కోసమో మొబైలు చార్జరు కోసమో ఎవరో 12 వోల్టులు దొంగిలించిన దారి. దాని వల్ల ఒక బ్యాటరీ ముందుగా దిగిపోతుంది, అలాంటి వైరును ఉంచవద్దు.

వస్తువు మీద ఉన్న గీతలనూ అంకెలనూ చదవండి

పేరు చెరిగిపోయినా, టెర్మినళ్ల పక్కన అచ్చు పోసిన అంకెలు సాధారణంగా మిగిలే ఉంటాయి. అవి కంపెనీ ఇష్టానుసారం వేసినవి కావు, జర్మన్ ప్రమాణం నుంచి వచ్చి లోకమంతా వాడుతున్న అంకెలు. అగ్గిపెట్టె కంటే కాస్త చిన్నగా ఉండే నల్లటి ఘనాకారపు పెట్టెను సాకెట్ నుంచి పీకి తిరగేస్తే 30, 85, 86, 87 కనిపిస్తాయి. కొన్నింటిలో మధ్యలో 87ఏ కూడా ఉంటుంది. ఇది రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు. 85, 86 లోపలి కాయిల్ కొసలు. 30కి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది, కాయిల్‌కు కరెంటు అందినప్పుడు అది 87కు పోతుంది, అందనప్పుడు 87ఏకి పోతుంది. 85, 86 మధ్య మల్టీమీటరుతో కొలిస్తే 12 వోల్టుల రిలేలో సుమారు 70 నుంచి 100 ఓములు, 24 వోల్టుల దానిలో సుమారు 300 ఓములు వస్తాయి. పైన లేబులు లేకపోయినా, అది ఏ వోల్టేజీ రిలేనో దీనితో తెలుస్తుంది. ఇదే వరుసలో 15 తాళంచెవి తిప్పినప్పుడు వచ్చే కరెంటు, 31 ఎర్తు, 49, 49ఏ ఇండికేటరు ఫ్లాషరు, 50 సెల్ఫ్ మోటారు, 58 పార్కింగు లైట్లు. రూపంలో రిలేలాగే ఉండి 49 అంకె ఉంటే అది ఫ్లాషరు, దాన్ని రిలే స్థానంలో పెట్టకూడదు.

230 వైపున ఏ1, ఏ2 అని రాసి ఉన్న చదరపు పెట్టె కాంటాక్టరు, అంటే పెద్ద లోడును కలిపే రిలే లాంటిది. సినిమా కారవాన్లలో జనరేటరు నుంచి బయటి కరెంటుకు మార్చడానికి వీటిని జంటగా పెడతారు, రెండూ ఒకేసారి మూసుకోకుండా మధ్యలో ఒక అడ్డు ఉంటుంది. ఆ అడ్డును ఎప్పటికీ తీయవద్దు. 13, 14 సాధారణంగా తెరిచి ఉండే చిన్న కాంటాక్టు; 21, 22 సాధారణంగా మూసి ఉండేది. 95, 96 ఉంటే అది ఓవర్‌లోడు రిలే. 15, 16, 18 ఉంటే టైమరు.

బోర్డులో 40 అని రాసి ఉన్న రెండు స్తంభాల స్విచ్చు ఉంటే, దాని మీద ‘టి’ అని రాసిన చిన్న బటను ఉందేమో చూడండి. ఉంటే అది ఆర్‌సీసీబీ, పక్కన 30 మిల్లీ ఆంపులని గానీ 0.03 ఆంపులని గానీ ఉంటుంది. లేకపోతే అది వట్టి ఐసోలేటరు, అంటే చేత్తో కలిపి ఆపే స్విచ్చు మాత్రమే కావచ్చు. అది షాకు నుంచి కాపాడదు. ఆర్‌సీసీబీ మీది 40 కూడా ఎక్కువ లోడు వస్తే పడే హద్దు కాదు, అది మోయగల కరెంటు మాత్రమే. ఎక్కువ లోడుకు పడేది ఎంసీబీ, దాని మీద సి16 వంటి గుర్తు ఉంటుంది.

ఫ్యూజులను రంగును బట్టి చదవవచ్చు. కత్తిలాంటి రెండు కాళ్ల ఫ్యూజుల్లో ఎరుపు 10 ఆంపులు, నీలం 15, పసుపు 20, రంగులేనిది 25, పచ్చ 30. పాత బండ్లలో కనిపించే పింగాణి ఫ్యూజుల లెక్క వేరు, అక్కడ పసుపు 5, తెలుపు 8, ఎరుపు 16, నీలం 25. ఈ రెండు వరుసలనూ కలిపేసుకోవడం వల్ల కాలిపోయిన వైర్లు షెడ్లలో చాలానే కనిపిస్తాయి.

ఒకే రూపంలో ఉండే మూడు

ఎక్కువమందిని తికమక పెట్టేది రెక్కలు తేలిన అల్యూమినియం దిమ్మ. చేతికి బరువుగా, బూడిదరంగులో, మూడు లావు బోల్టులతో గానీ మూడు లావు తీగలతో గానీ ఉంటుంది. అది మూడింటిలో ఏదైనా కావచ్చు. ఒక ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది) రెండు బ్యాటరీలను నింపుతూ, అవి ఒకదాని నుంచి మరొకటి లాక్కోకుండా ఆపే డయోడు ఐసోలేటరు మొదటిది; డయోడంటే కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది. 24 వోల్టులను 12 వోల్టులకు దించే కన్వర్టరు రెండవది. కరెంటును తగ్గించడానికి పెట్టిన లావు రెసిస్టరు మూడవది, అయితే దీనికి చాలావరకు రెండే కొసలు ఉంటాయి.

వీటిని విడదీయడానికి మల్టీమీటరును డయోడు గుర్తు మీద పెట్టి, వైర్లన్నీ విప్పిన తరువాత, మధ్య బోల్టు నుంచి రెండు పక్కలకూ కొలవండి. ఒక దిశలో రెండు పక్కలా 0.4 నుంచి 0.7 వరకు సమానంగా చూపి, ప్రోబులు తారుమారు చేస్తే ఏమీ చూపకపోతే అది ఐసోలేటరు. రెండు పక్కలా సమానంగా ఉండటమే ఇక్కడ అసలు గుర్తు. కన్వర్టరు అయితే ఆ సమానత్వం ఉండదు, మూడు తీగల్లో ఒకటి బాడీకి పోతుంది. రెసిస్టరు అయితే ఏ దిశలో కొలిచినా ఒకే అంకె వస్తుంది.

ఐసోలేటరు దొరికితే అది బాగానే ఉన్నా ఉంచాలా వద్దా అని ఆలోచించండి. ప్రతి సిలికాన్ డయోడు దగ్గరా సుమారు 0.7 వోల్టు పోతుంది, ఆల్టర్నేటరు 14.2 ఇస్తే బ్యాటరీకి 13.5 మాత్రమే అందుతుంది, బ్యాటరీ ఎప్పుడూ కడుపునిండా నిండదు. దాని బదులు వోల్టేజీని చూసి కలిపే రిలే పెట్టడం మేలని నా అభిప్రాయం. అలాంటి రిలే మీ బండిలో ఇప్పటికే ఉంటే, దానికి రెండు లావు బోల్టులు, బాడీకి పోయే ఒక సన్నని నల్ల తీగ ఉంటాయి. ఇంజను నడిచి వోల్టేజీ సుమారు 13.3 దాటినప్పుడు టక్కుమని శబ్దం చేస్తుంది, 12.8 ప్రాంతంలో విడిపోతుంది. రెండు లావు బోల్టులకు తోడు రెండు సన్నని బోల్టులు ఉంటే అది సోలినాయిడు, అంటే పెద్ద కరెంటును కలిపే లావు రిలే. దాని కాయిల్ 3 నుంచి 5 ఓములు చూపితే అది సెల్ఫ్ కొట్టే క్షణాలకే పనికొచ్చేది, గంటలకొద్దీ కలిపి ఉంచితే కాలిపోతుంది.

కరెంటు లేకుండా కొలత

బీప్ శబ్దం వింటే వైరు కలిసి ఉందని నిర్ణయించేయకండి. మోటారు చుట్ట, బల్బు ఫిలమెంటు, 12 వోల్టుల హీటరు కూడా బీప్ కొట్టిస్తాయి. అందుకే ఓములలో అంకె చూడాలి. గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచే పాత ఫ్రిజ్ ఉంటే దాని వెనక రెండు హీటర్ల తీగలు దొరుకుతాయి. ఒకదానిలో 1.2 ఓములు, రెండవదానిలో సుమారు 440 ఓములు వచ్చాయనుకోండి. వోల్టేజీని దానితోనే గుణించి ఓములతో భాగిస్తే వాట్లు వస్తాయి. 12 వోల్టుల మీద మొదటిది 120 వాట్లు, 230 వోల్టుల మీద రెండవది కూడా 120 వాట్లు. రెండు లెక్కలూ కలిశాయి కాబట్టి ఏది ఏ కరెంటుకో తేలిపోయింది. తారుమారుగా కలిపి ఉంటే 1.2 ఓముల హీటరు 230 వోల్టుల మీద ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

నీళ్ల ట్యాంకు పక్కన వేలాడే రెండు తీగల కొసన తేలే బెండు ఉంటే అది నీటి మట్టపు సెన్సరు. బెండును పైకీ కిందికీ కదిలిస్తే ఓములు నెమ్మదిగా మారాలి. యూరప్ పద్ధతి వాటిలో 10 నుంచి 180 వరకు, అమెరికా పద్ధతి వాటిలో 240 నుంచి 33 వరకు మారతాయి, మీటరు మార్చేటప్పుడు ఈ తేడా చూసి కొనాలి. బోర్డు మీద బిళ్లలా ఉండి 471 అని రాసి ఉన్నది 470 వోల్టుల వేరిస్టరు, కరెంటు ఉప్పెనలా వచ్చినప్పుడు తాను కాలిపోయి మిగతావాటిని కాపాడేది. పగిలినా, నల్లబడినా మార్చేయాలి.

కరెంటు ఇచ్చి చూసే పరీక్ష

ఇక్కడ మన షెడ్లలో ఎప్పటి నుంచో ఉన్న సిరీస్ బల్బు కంటే మంచి పరికరం లేదు. 12 వోల్టుల బండిలో బ్యాటరీ వైపు పరీక్షకు 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటరు బల్బును వరుసలో కలిపితే, లోపల షార్టు ఉన్నా రెండు ఆంపులు కూడా దాటవు. వస్తువు తిరిగి, బల్బు మసకగా వెలిగితే అది మోటారు. బల్బు నిండుగా వెలిగితే లోపల షార్టు గానీ పెద్ద లోడు గానీ ఉంది. అసలు వెలగకపోతే తెగి ఉంది, లేదా కొద్ది కరెంటు మాత్రమే తీసుకునేది. 230 వైపున 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బుతో ఇదే పరీక్ష చేయవచ్చు, అయితే ఆర్‌సీసీబీ వెనక, కాళ్ల కింద పొడి చెక్క ఉంచుకుని, పక్కన మరొక మనిషిని పెట్టుకుని మాత్రమే చేయాలి. చేయి తిరగనివారు దీన్ని ఎలక్ట్రీషియనుకే వదిలేయండి.

మల్టీమీటరు 12 వోల్టులు చూపించిందని ఆ తీగ పనికొస్తుందని అనుకోవద్దు. తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన తీగ కూడా మీటరుకు 12 చూపుతుంది, బల్బు కలిపితే మాత్రం చతికిలబడుతుంది. ఇది మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలికి నిలబెట్టిన బండ్లలో మామూలే. అనుమానం ఉన్న తీగ కొసను అంగుళం మేర చెక్కి చూడండి. రాగి ఎర్రగా మెరవకుండా నల్లగా ఉండి, లగ్గు దగ్గర పచ్చటి పొడి రాలితే, ఇంకొక అంగుళం చెక్కండి. అక్కడా నల్లగానే ఉంటే ఆ తీగ మొత్తం పోయినట్టే. ఎర్తు పట్టీలను కూడా లోడు వేసి పరీక్షించండి: బ్యాటరీ నెగటివ్‌కూ బాడీకీ మధ్య అర వోల్టు దాకా చూపితే, ఆ బోల్టు కింద రంగు గీకి, శుభ్రం చేసి బిగించాలి.

అప్పటికీ తేలనివి

కొన్ని మిగులుతాయి. వాటి తీగను కత్తిరించకండి, విప్పి, టేపు చుట్టి, నంబరు చీటీ కట్టి వదిలేసి, బండిని కొన్నాళ్లు మామూలుగా వాడండి. హారను, బ్రేకు లైట్లు, వైపరు, రివర్సు లైటు, ఏసీ, పంపు అన్నీ ఒక్కొక్కటిగా నడిపి చూడండి. ఏది ఆగిందో అదే దాని పేరు. ఏదీ ఆగకపోతే అది వెనకటి యజమాని అలారమో, ఎప్పుడో తీసేసిన మైకు సెట్టు తాలూకు సామానో అయ్యుండవచ్చు. డ్యాష్‌బోర్డు కింద ముద్ర వేసిన వైరుతో ఉన్న పెట్టె కనిపిస్తే మాత్రం ఈ పరీక్ష చేయవద్దు. అది వేగ నియంత్రణ పరికరం కావచ్చు, రవాణా వాహనంగా రిజిస్టరై ఉంటే ఎక్కడుందో తెలిపే ట్రాకరు కావచ్చు. వాటిని తీయడం చట్టపరమైన వ్యవహారం. బండి రూపాన్నే మార్చే పనులకు మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి ఉండాలి కాబట్టి, ఆ కాగితాల పనితోపాటే దీన్నీ అడిగి తెలుసుకోండి.

పేరు తేలిన ప్రతి వస్తువునూ ఒక పెద్ద కాగితం మీద గీసి, తీగ నంబరు, లావు, ఫ్యూజు ఆంపులు రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపున అతికించండి. ఫ్యూజు రాసేటప్పుడు వస్తువు ఎంత తింటుందని కాక, ఆ తీగ ఎంత మోయగలదని చూసి రాయాలి. పాత తీగ లావు తెలియకపోతే, దాని రాగి పోగులను కొత్త 1.5, 2.5, 4 చదరపు మిల్లీమీటర్ల ముక్కల పక్కన పెట్టి పోల్చి, అనుమానం వచ్చినప్పుడు చిన్నదాని లెక్కే వేసుకోండి.